కర్త లేని వాక్యం

ఛాయాదేవి టీచరుకి కోపం వస్తే హెడ్మాస్టరు కూడా ఏదో పని ఉన్నట్టు స్టోర్ రూములోకి తప్పుకుంటాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్న మనిషి. తప్పు కనబడితే పెళ్లి శుభలేఖనైనా దిద్ది వెనక్కి పంపించేస్తుంది. పామర్రు నుంచి లోపలికి ఆరు కిలోమీటర్లున్న ఆ ఊళ్లో ఆవిడ చేత చీవాట్లు తినని ఇల్లు లేదు, అర్జీ రాయించుకోని ఇల్లూ లేదు.

మంచినీళ్ల పైపు మురుక్కాలవలోంచి వెళ్తోంది, జాయింటు దగ్గర లీకవుతోంది మహాప్రభో అని ఆ వేసవిలో మూడు అర్జీలు రాసింది కూడా ఆవిడే. మూడింటికీ రసీదులిచ్చారు. పైపు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. జులైలో వాంతులూ విరేచనాలూ మొదలై నలభై మూడిళ్లవాళ్లు మంచాన పడ్డారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే వెంకటరత్నమ్మ మొగుడు తిరుపతిరావు ఒక్కరోజులో పోయాడు. పొద్దున్నే చద్దన్నం తిని పొలం వెళ్లినవాడు, మర్నాడు పొద్దుటికి లేడు.

ఆ చావుకి తోడు గోరుచుట్టు మీద రోకలిపోటులా మూడోరోజు పేపరొచ్చింది. 'చద్దన్నం తెచ్చిన చావు' అని ఇంత లావు అక్షరాలతో హెడ్డింగు. చకారాలు కుదిరాయి కదా, ఇంకేం కావాలి ఆ వెధవలకి! 'అవగాహన లేమితో అతిసారం బారిన గ్రామస్థులు' అట. 'భర్తకు నిల్వ అన్నం పెట్టిన భార్య' అట. నీళ్ల సంగతి అట్టడుగున ఒక్క ముక్క, 'తాగునీరు కలుషితమై ఉండవచ్చు' అని. ఆ సాయంత్రం టీవీలో ఒక డాక్టరుగారు చేతులెలా కడుక్కోవాలో ఇరవై నిమిషాలు చూపించారు. ఏ నీళ్లతో కడుక్కోవాలో మాత్రం సెలవియ్యలేదు మహానుభావుడు.

రత్నమ్మ అన్నం మానేసింది.

"పెరుగేసి, ఉల్లిపాయ కోసి, నా చేత్తో పెట్టానండీ టీచరుగారూ. నేనే చంపుకున్నాను."

"నీ మొహం! పాతికేళ్లుగా రోజూ పెడుతున్నదేగా? చద్దన్నం తింటే చచ్చేటట్టయితే ఈ జిల్లాలో ఒక్క రైతైనా మిగిలేవాడా?"

"పేపర్లో వేశారు కదండీ" అనేది రత్నమ్మ. అచ్చులో పడ్డ మాట కూడా అబద్ధం కావచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పదకొండోరోజు పెద్దకర్మ. పంతులుగారు దర్భలు సర్దుకుంటూ "కర్త ఎవరండీ?" అని అడిగారు. పిల్లల్లేరు, తిరుపతిరావు అన్నకొడుకొచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆ మాట చెవిన పడగానే ఛాయాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. కర్మ చెయ్యడానిక్కూడా ఒక కర్త కావాలే! మరి నీళ్ల దగ్గర 'కలుషితమై' అని తేల్చేసి, అన్నం దగ్గరికొచ్చేసరికి 'పెట్టిన భార్య' అని కర్తని పట్టుకొచ్చి నిలబెడతారా? నీళ్లు వాటంతటవే మురుగైపోయాయా, చోద్యం కాకపోతే!

మర్నాడే విజయవాడ బస్సెక్కింది. మూడు రసీదులూ, అప్పటికి చేతికందిన నీళ్ల పరీక్ష రిపోర్టూ సంచిలో ఉన్నాయి. ఆ పేపరు ఆఫీసులో వార్తలు దిద్దే ఉదయభాస్కర్ ఎవరో కాదు, ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

"ఏరా భాస్కరా, ఇది దిద్దింది నువ్వేనా?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేనేనండీ. కూర్చోండి టీచరుగారూ, టీ చెప్తాను."

"నీ టీ ఎవడిక్కావాలి! నలభై మూడిళ్లవాళ్లూ చద్దన్నమే తిన్నారట్రా? సీసాపాలు తాగే పసిగుడ్డుకీ వచ్చిందే, దానికెవరు పెట్టారు చద్దన్నం?"

"ఎవర్నీ తప్పుపట్టాలని కాదండీ, జనంలో అవగాహన కోసం..."

"ఎవర్నీ పట్టలేదా? మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని పట్టారు కదరా! కాలవలోంచి పైపు వేసినవాడు లేడు, అర్జీ తీసుకుని ఊరుకున్నవాడు లేడు. వాక్యంలో కర్తని మింగెయ్యమని నేను నేర్పానా నీకు?"

వాడు తల దించుకున్నాడు. "ఆఫీసర్ని రాస్తే ఆధారం ఏదంటారండీ. రత్నమ్మగారిని రాస్తే ఎవరూ అడగరు" అని ఉన్నమాట కక్కేశాడు.

ఆవిడ సంచిలో కాగితాలన్నీ తీసి వాడి బల్ల మీద కొట్టింది. "ఇదిగో ఆధారం. ఇప్పుడు రాయి."

నాలుగోరోజున రాశాడు. తొమ్మిదో పేజీలో, టెండరు ప్రకటనల కింద, ఒకే ఒక్క వాక్యం: 'తాగునీరు కలుషితమైనందునే గ్రామంలో అతిసారం ప్రబలినట్లు పరీక్షల్లో తేలింది.' పైపు లేదు, అర్జీలు లేవు, మనిషన్నవాడు లేడు. చింపి పారేద్దామన్నంత కోపమొచ్చింది ఛాయాదేవికి. పోనీలే, అన్నం మీద నింద పోయింది, ఆ పిచ్చిది నాలుగు మెతుకులు తింటే అదే చాలనుకుని పేపరు పట్టుకుని గబగబా రత్నమ్మ ఇంటికెళ్లింది.

రెండుసార్లు పైకి చదివి వినిపించింది. "విన్నావుగా? అన్నం కాదు, నీళ్లు. నీ తప్పేం లేదని వాళ్లే వేశారు. లేచి రెండు ముద్దలు తిను."

"నీళ్లేనాండీ?"

"నీళ్లే."

"అచ్చులో వేశారా?"

"వేశారమ్మా, ఇదిగో."

రత్నమ్మ ఆ వాక్యం మీద వేలు పెట్టి చూసింది.

"ఆ పొద్దున పంపు దగ్గర నీళ్లు పట్టిందీ నేనేగా టీచరుగారూ" అంది.