వదిన గుప్పెడు

కర్లపాలెంలో మా వదిన పోయిందని పోయిన నెల ఫోనొచ్చింది. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే బస్సులో కూర్చున్నంతసేపూ ఒక్క మాటే గుర్తొచ్చింది. పొదుపు. నేను రాసేవాణ్ణి కాదు. అయినా ఇది రాయాలి. మా చుట్టాలు ఆమెను పిసినారి అన్నారు. కాదు.

అన్నయ్య పెళ్ళయ్యాక కొన్నేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. వదిన పూటపూటా బియ్యం కొలిచి గిన్నెలో పోసేది. కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి, మూలనున్న కుండలో వేసేది.

"ఈ పిసినారితనం ఏంటి వదినా?" అన్నానొకసారి.

"నీ కంచంలో ఏమన్నా తగ్గిందా అబ్బాయ్?"

"లేదు."

"నీ ముద్ద తగ్గిస్తే పిసినారితనం. నాది తగ్గిస్తే పొదుపు. ఇంక తిను."

నిజమే. అందరికంటే ఆఖర్న తినేది, మారు వడ్డించుకునేది కాదు. నాట్లయ్యాక పనుల్లేని రోజుల్లో కూలి ఆడవాళ్ళు పెరటి గుమ్మం దగ్గరికొస్తే వాళ్ళ కొంగుల్లోకి ఆ కుండ వంచేది. ముందు వాకిట్లో కూర్చునే చుట్టాలకి అది కనపడలేదు. ఒకసారి మా ఇంట్లోనే బియ్యం నిండుకున్నాయి. ఆ పూట మాకు అటుకులు పెట్టింది గానీ కుండ ముట్టుకోలేదు.

పెద్దకర్మ రోజు జనం ఎక్కువై బియ్యం చాల్లేదు. "అమ్మ కుండ ఉందిగా, పట్రండి" అన్నాడు అన్నయ్య కొడుకు. రేపల్లె నుంచి వచ్చిన మా బావ, "పిసినారి బియ్యానికి ఇవాళ్టికి మోక్షం!" అన్నాడు. అందరూ నవ్వారు.

లేచి వెళ్ళి కుండకి అడ్డంగా నిలబడ్డాను.

"ముట్టుకోవద్దు."

"ఏంటి బాబాయ్, ఇన్నేళ్ళకి నోరొచ్చిందా? అవతల జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు!"

"కూర్చోనీ. కొట్టు నుంచి తెప్పించు. ఇవి మీ అమ్మ తన ముద్దలోంచి తీసినవి. మనకి కాదు, పెరటి గుమ్మానికొచ్చే వాళ్ళకి."

"పోయిన మనిషి చూస్తుందా ఏంటి బావా?" అన్నాడు రేపల్లె బావ.

"నేను చూస్తున్నాను."

పక్కకి జరగలేదు. కొట్టు బియ్యం వచ్చేదాకా గంటసేపు అందరూ ఖాళీ విస్తళ్ళ ముందే కూర్చున్నారు.

వంటవాళ్ళు ఆ బియ్యం కడగబోతుంటే, నా వంతు ముద్ద తగ్గించి పెట్టమని చెప్పి గుప్పెడు తీసుకున్నాను. కుండ మూత తీశాను. వదిన ఆఖరిసారి వేసిన గుప్పెడు పైన చిన్న కుప్పగా, చెదరకుండా ఉంది. దాన్ని కదిలించకుండా పక్కనే నాది వేశాను.