మూయొద్దని నేను చెప్పిన తలుపు

2022, కార్తీక మాసపు వానలు. ఒర్లియంపేటలో మొదటి అంతస్తు ఇల్లు. యానాం నుంచి మా ఊరికి బదిలీ మీద వచ్చిన సత్యవతిగారు కొత్తగా కొనుక్కున్నారు. లోపలి తలుపులు మూడింటికీ అడుగున చెద పట్టింది. బాత్రూం తలుపైతే పూర్తిగా ఊడిపోయి, దాని స్థానంలో పాత దుప్పటి వేలాడుతోంది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన వాళ్ళమ్మ పది రోజుల్లో ఇంటికి వస్తుంది, ఆలోపు కొత్త తలుపులు పెట్టాలని నన్ను పిలిపించారు. నేను ముదలియార్‌పేటలో ఇరవై ఏళ్లుగా వడ్రంగిని. రంగులు కూడా నేనే వేస్తాను. పనితనం మంచిదే, నోరే మంచిది కాదంటారు.

లెక్క చెప్పగానే సత్యవతిగారు కళ్ళు పెద్దవి చేశారు. "రంగుకే ఇంతా మేస్త్రిగారూ? తలుపు ఖరీదంత ఉందండీ!"

"తలుపు కొనేది ఒక పూట పనమ్మా. రంగు ఏందనుకుంటా ఉండావు? వారం పని అది."

అది అబద్ధం కాదు. ఫ్లష్ డోర్, అంటే రెండువైపులా నున్నగా ఉండే చెక్క తలుపు, తెచ్చి చిత్రిక పట్టి బిగించడానికి పూట చాలు. ఆపైన చెక్క రంగును పీల్చకుండా ప్రైమర్, గుంటలు పూడ్చడానికి పుట్టీ, గరుకైన ఉప్పు కాగితంతో నున్నగా రుద్దడం, తర్వాత ఎనామెల్ రంగు రెండు పూతలు. ఒక్కొక్కటీ ఆరాకే తర్వాతిది. డబ్బు చేతిపనికి కాదు, ఆరేదాకా ఎదురుచూపుకి.

నాకో అలవాటుంది. మూడు తలుపులుంటే ప్రతి పూతా మూడింటికీ ఒకే చుట్టులో వేస్తాను. బ్రష్షు ఒకసారి కడిగితే సరిపోతుంది. మూడూ ఆరేదాకా ఏ ఒక్కదానికీ తర్వాతి పూత మొదలుపెట్టను. కానీ ఆ వారం వాన వదల్లేదు. ప్రైమర్ రెండు రోజులకు గానీ ఆరలేదు. గంటకోసారి బొటనవేలితో తాకి చూడటం, కిటికీలోంచి మబ్బుని తిట్టడం. కాలు కాలిన పిల్లిలా ఆ మూడు తలుపుల మధ్య తిరిగాను.

ఆఖరి పూత మిగిలి ఉండగా సత్యవతిగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "అమ్మని రేపు సాయంత్రమే పంపించేస్తున్నారండీ. రెండు రోజులు ముందుగా."

ఆ పూత అప్పటికి ఆపేసి ఉండాల్సింది. ఆపలేదు. పని సగంలో చూపించడం నాకు నామోషీ. మర్నాడు పొద్దున పది గంటలకు మూడింటికీ వేసేశాను.

నాలుగింటికి ఆటో వచ్చింది. కింద ఇంటివాళ్ళు పెద్దావిడని కుర్చీలో పైకి మోసుకొచ్చారు. చూడటానికి వచ్చినవాళ్ళతో హాలు నిండింది. ఆవిడ ఎవరి పలకరింపూ వినకుండా వాకర్ పట్టుకుని నేరుగా బాత్రూం వైపు నడిచింది.

నేను అడ్డం వెళ్లాను. "అవ్వా, తలుపు మూయొద్దు. రంగు పచ్చిగా ఉండాది, ఫ్రేముకి అంటుకునిపోతాది. రెండు రోజులు ఓర్చుకో. దుప్పటి కడతా."

ఆవిడ ఆగిపోయింది. "ఇరవై రోజులు, బాబూ. మంచం చుట్టూ గుడ్డ కట్టి, ఆ గుడ్డ వెనకాలే అన్నీ. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఇంటికొచ్చినా గుడ్డేనా?"

"అమ్మా, అంత డబ్బు పెట్టి వేయించాం, పాడైపోద్ది," అన్నారు సత్యవతిగారు నెమ్మదిగా.

"అయితే నాకు వెళ్ళక్కర్లేదు," అని ఆవిడ కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, వాకర్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఎంత ఆపుకుంటోందో అందరికీ తెలుస్తోంది. నాకు సిగ్గేసింది. మూడు తలుపుల్లో ఇదొక్కటి ముందు చేసి ఉంటే నిన్నటికే ఆరిపోయేది. ఏ తలుపు ముందు కావాలని నేను అడగనే లేదు.

గుడ్డని టర్పెంటైన్‌లో ముంచి, పొద్దున నేనే వేసిన రంగుని తలుపు అంచుల మీద, ఫ్రేము గాడిలో తుడిచేశాను. మిగిలిన జిగట రంగుని ఉలితో గీకాను. వేలు తెగింది, చూసుకోలేదు. పది నిమిషాల్లో అంచులు బోడి చెక్కగా మిగిలాయి. అంటుకోదని రెండుసార్లు మూసి తెరిచి చూశాను.

"పో అవ్వా," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. హాల్లో ఉన్నవాళ్ళంతా వంటింట్లోకి జరిగారు. నేను మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను.

వారం తర్వాత ఆ అంచులకి రంగు వేద్దామని వెళితే పెద్దావిడ బ్రష్షు చూసి ఒప్పుకోలేదు. "వద్దు బాబూ. మళ్ళీ రెండు రోజులు మూయొద్దంటావు." ఎంత చెప్పినా వినలేదు. వానాకాలం వస్తే ఆ బోడి అంచు నీళ్లు తాగి ఉబ్బుతుందేమోనని ఇప్పటికీ నాకు మనసు కుదురుగా ఉండదు.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా కొలత టేపు తీయకముందే అడుగుతాను, ఈ ఇంట్లో తలుపు మూసుకోవాల్సిన అవసరం అందరికంటే ఎక్కువ ఎవరికుందని. చాలామంది విచిత్రంగా చూస్తారు. కొందరి ఇళ్లల్లో మాత్రం, మాట్లాడుతున్న యజమానిని దాటి, వెనకాల నిలబడ్డ మనిషి జవాబు చెప్తుంది.