మంచు మీద పదహారు శాలువాలు

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. అంటే అన్నీ వచ్చని కాదు, రాదని చెప్పడం ఒక్కటే వచ్చేది కాదు. మాస్టర్స్ చేయడానికి అమెరికా వచ్చిన మా బ్యాచ్ అంతా ఇంచుమించు ఇదే తెగ. ఏ ఫారమ్ చేతికిచ్చినా 'అనుభవం' అన్న గడి ఖాళీగా కనిపిస్తే మాకు మనసు ఒప్పేది కాదు. అక్కడ ఓ అంకె వేసి, దాన్ని ఇంకాస్త పెంచితేగాని చెయ్యి ఊరుకునేది కాదు. అలాంటి చేత్తో నేను నింపిన ఒక ఫారమ్ వల్ల ఒక కౌంటీ పరువు మొత్తం నా నెత్తిన పడింది. దాన్ని ఎలా దించుకున్నానో చెబుతాను, నవ్వకుండా వినండి. (నవ్వినా ఫర్వాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.)

నేను చదివిన యూనివర్సిటీ కెనడా సరిహద్దుకి దగ్గర్లో, మూడు చిన్న ఊళ్లూ ఒక పెద్ద కొండా ఉన్న ఓ బుల్లి కౌంటీలో ఉండేది. మనుషుల కంటే మంచు ఎక్కువ. అలాంటి చోటికి ఆ ఏడాది దేశం మొత్తానికీ కలిపి జరిగే శీతాకాల క్రీడలు వచ్చాయి. స్కీయింగ్, స్కేటింగ్, ఇంకా నాకు ఈ రోజుకీ రూల్స్ అర్థం కాని ఆటలు కొన్ని. వాటిని అక్కడికి తెచ్చింది ఒక రిటైర్డ్ టీచర్. మాలో మేము ఆవిణ్ణి 'హెడ్‌మాస్టరమ్మ' అనుకునేవాళ్లం. "అంత చిన్న చోటా? బస్సు తిప్పుకోవడానికైనా జాగా ఉందా?" అని పెద్ద ఊళ్లవాళ్లు వెక్కిరిస్తే, నాలుగేళ్లు వెంటపడి సాధించింది. "ఒక్క పొరపాటు జరిగినా 'ముందే చెప్పాం కదా' అంటారు. ఆ మాట నేను వినకూడదు" అని వాలంటీర్ల మొదటి మీటింగ్‌లోనే తేల్చి చెప్పింది. మేము వాలంటీర్లుగా చేరింది మాత్రం వాళ్లిచ్చే వెచ్చటి జాకెట్ కోసం. ఆ జాకెట్ రావాలంటే నింపాల్సిన ఫారమ్‌లో 'వేడుకలు నిర్వహించిన అనుభవం' అని ఒక గడి ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ యాన్యువల్ డేకి, అదీ అసలు యాంకర్‌కి గొంతు పోయినందుకు, నేనొక గంట మైకు పట్టుకున్న మాట నిజం. 'ఆరేళ్లు' అని రాశాను.

దాంతో పతకాల ప్రదానోత్సవం మొత్తం నాకే అప్పజెప్పారు. మైకు నాదే, రెండు గంటల దూరంలో ఉన్న ఎయిర్‌పోర్ట్ ఊరి నుంచి పతకాల పెట్టె తెచ్చే బాధ్యతా నాదే. బుధవారం తెచ్చేయమంది హెడ్‌మాస్టరమ్మ. పోటీలు మొదలయ్యేది శుక్రవారం కదా, గురువారం వెళ్తే సరిపోతుందిలే అనుకున్నాను. "అరేయ్, ఫోన్ల స్నో స్టార్మ్ వార్నింగ్ వచ్చింది రా. ఇయ్యాల్నే పోయొద్దాం" అన్నాడు నా వరంగల్ రూమ్మేట్. "ఇక్కడ స్నో ఎప్పుడు లేదురా?" అన్నాను పెద్ద ఆరిందాలా. గురువారం పొద్దున లేచి చూస్తే మా కారు లేదు. కారు ఉండాల్సిన చోట ఓ తెల్లటి దిబ్బ ఉంది. హైవే మూసేశారు, శనివారం దాకా తెరవరు. ఆటగాళ్లంతా ముందే వచ్చేశారు కాబట్టి పోటీలు ఆగవు. మంచు పడితే వాళ్లకి ఇంకా సంబరం.

వెళ్లి హెడ్‌మాస్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "నువ్వు ఆరేళ్ల అనుభవం ఉన్నవాడివి. ఇలాంటప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది. నాకు అక్కడికక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. (మంచులోకి అప్పటికే మోకాళ్ల దాకా కూరుకుపోయి ఉన్నాను.) "మా వాళ్లలో దీనికో పద్ధతి ఉంది మేడమ్" అన్నాను. ఏ పద్ధతో నాకూ తెలియదు. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

ఆ కౌంటీ మొత్తానికి తెలుగు కుటుంబం ఒక్కటే, డాక్టర్ అంకుల్ వాళ్లది. ఆదివారం పప్పన్నం పెట్టే ఇల్లు కాబట్టి కష్టమొచ్చినా కాళ్లు అటే నడిచాయి. అంకుల్ అక్కడికి రాకముందు షాంటిలీ అనే ఊళ్లో ఇరవయ్యేళ్లు ఉన్నారు, అక్కడి తెలుగువాళ్ల సభల్లో ఆయన లేని వేదిక లేదు. తడిసి ముద్దయిన నన్ను చూసి ఆంటీ దుప్పటి ఇద్దామని క్లోజెట్ తలుపు తీసింది. పై అరలోంచి శాలువాలు జలజలా నా నెత్తిన రాలాయి. అన్నీ జరీ అంచులవే, అన్నీ సన్మానాల్లో కప్పినవే, ఒక్కదానికీ మడత నలగలేదు.

"ఎన్నున్నాయాంటీ?"

"పదహారు. కప్పుకోడానికి పనికిరావు, పారేద్దామంటే ఈయన ఒప్పుకోరు."

శుక్రవారం పోటీలు ఐదు. పోటీకి ముగ్గురు విజేతలు. నా మొహంలో వెలుగు చూసి అంకుల్ గబగబా శాలువాలు ఏరుకోవడం మొదలుపెట్టారు. "ఇది నేను ప్రెసిడెంట్ అయినప్పటిది. ఇది బ్లడ్ క్యాంప్‌ది. ఇది... దేనికో గుర్తులేదు గానీ సభ మాత్రం బ్రహ్మాండంగా జరిగిందోయ్."

"ఇవి ఈ ఇంట్లోంచి వెళ్తే నాకదే గోల్డ్ మెడల్. తీసుకెళ్లు నాన్నా" అంది ఆంటీ.

అంకుల్ ఒక్కటే షరతు పెట్టారు. "కప్పేది మాత్రం నేనే."

అలా శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, కొండ కింద, మంచు మీద వేసిన వేదిక ఎక్కాను. పెద్ద అంచు శాలువాలు బంగారానికి, సన్నంచువి వెండికి, అసలు అంచు కనిపించీ కనిపించనివి కాంస్యానికి. పతకాలు రేపొస్తాయి, ఈ రోజు మా పద్ధతిలో సన్మానం అని ప్రకటించాను. వచ్చిన పెద్ద ఊళ్లవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. మొదటి పంక్తిలో కూర్చున్న హెడ్‌మాస్టరమ్మ రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది. పేరు చదివి ఊరుకోమని ఆవిడ ముందే చెప్పింది. నాకెక్కడ సాధ్యం! మన సభల్లో పేరొక్కటే పిలిస్తే అవమానం కదా. స్కీయింగ్ గెలిచిన అమ్మాయిని, "గాలితో పందెం వేసి గాలినే ఓడించిన" అంటూ పొగిడి, వేదికను అలంకరించవలసిందిగా ఇంగ్లీష్‌లో వేడుకున్నాను. అక్కడితో ఆగానా? ఆమె కోచ్‌ని, కోచ్ గారి సతీమణిని, వాళ్లని తీసుకొచ్చిన బస్సు డ్రైవర్‌ని కూడా పిలిచాను. ఒక్కరిని వదిలేసినా రేపు మాట వస్తుందని మనకి భయం. డ్రైవర్ టోపీ తీసి, సిగ్గుపడుతూ వచ్చి నిలబడ్డాడు. పాపం, ఆయన్ని అప్పటిదాకా ఎవరూ ఏ వేదిక మీదకీ పిలిచినట్టు లేరు.

అంకుల్ శాలువా విప్పి ఆ అమ్మాయి భుజాల చుట్టూ కప్పారు. పల్చటి స్కీయింగ్ డ్రెస్‌లో గడగడలాడుతున్న పిల్ల దాన్ని చెవుల దాకా లాక్కుని, థాంక్స్ చెప్పి దిగిపోబోయింది. ఫొటో పడకుండా ఎలా పోనిస్తారు అంకుల్? శాలువా అంచు పట్టుకుని వెనక్కి లాగి, కెమెరా వైపు తిప్పి, చిరునవ్వుతో అలాగే నిలబడ్డారు. మూడో విజేత వచ్చేసరికి జనానికి వరస తెలిసిపోయింది. అంకుల్ శాలువా దులపగానే వందలమంది చప్పట్లు. నేను పొగడ్త మొదలెట్టగానే ఈలలు. వేదిక నిండిపోయి, కొండ మీది మంచుకి కూడా వినిపించేంత గోల. జాకెట్ లోపల నాకు చెమట పట్టింది, కళ్లలోనూ పట్టిందేమో.

పదిహేనూ అయ్యాక పదహారో శాలువా మిగిలింది. హెడ్‌మాస్టరమ్మని పిలిచాను. "నేనేం గెలవలేదే!" అంది కిందనుంచే. "మా దగ్గర సన్మానానికి గెలవక్కర్లేదు మేడమ్" అన్నాను మైకులో. ఆవిడకి శాలువా కప్పుతుంటే జనమంతా లేచి నిలబడ్డారు. బస్సు తిప్పుకునే జాగా లేదన్న పెద్దాయన కూడా వేదిక దగ్గరికొచ్చి, "అద్భుతం. ఇది ఎన్నాళ్లనుంచి ప్లాన్ చేశారు?" అని అడిగాడు. హెడ్‌మాస్టరమ్మ నా వైపు తిరిగి, కళ్లజోడు పైనుంచి చూస్తూ అంది. "ఆరేళ్ల నుంచి."

శనివారం పతకాలొచ్చాయి. ఒక్కరూ శాలువా తిరిగివ్వలేదు, దాని మీదే పతకం వేసుకున్నారు. ఆ రోజు గెలిచినవాళ్లు "మరి మా శాలువాలేవి?" అని నా వెంటపడ్డారు. ఖాళీ అయిన క్లోజెట్ అర చూసుకుని ఆంటీ మురిసిపోతుంటే, అంకుల్ మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇప్పుడు అమెరికాలోనే, నేపర్‌విల్‌లో ఉంటున్నాను. అనుభవం గడిలో నిజమే రాస్తున్నాను, దానికి ఎవరూ ముచ్చటపడటం లేదు. పోయిన నెల ఇక్కడి సభలో నాకూ ఒక శాలువా కప్పారు. ఇంటికి తేగానే మా ఆవిడ, "ఇదెక్కడ పెట్టాలండీ?" అంది, ఆంటీ గొంతుతోనే. మర్నాడు మంచు పడింది. జాకెట్ మీద శాలువా కప్పుకుని, డ్రైవ్‌వే మీది స్నో తీయడానికి వెళ్లాను. ఎవరూ లేరు కదా అని, పారని మైకులా పట్టుకుని, గాలితో పందెం వేసి గాలినే ఓడించిన ఆ అమ్మాయిని మళ్లీ ఒకసారి వేదిక మీదకి పిలిచాను. వెనక తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి చలికి వణుకుతూ, "డాడీ, హూ ఆర్ యూ కాలింగ్?" అంది. పిల్ల భుజాల చుట్టూ శాలువా కప్పి, ఫొటో కోసమన్నట్టు అంచు పట్టుకుని అలాగే కాసేపు నిలబడిపోయాను.