సముద్రం దగ్గర తవ్విన చెలిమె

పుస్తకంలో చదివితే చూసినట్టే లెక్క అనుకునే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై రెండేళ్లదాకా సాగింది. ఆ రోజుల్లో మా సిరిసిల్లలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే పడుచువాళ్లలో, పొద్దు వాలగానే గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి నేనొక్కణ్ణే. బడిలో చదివింది నాలుగు తరగతుల ఉర్దూ. తెలుగు చదవడం వచ్చింది ఆ గ్రంథాలయపు బల్ల దగ్గరే. అక్కడున్న రెండు బీరువాల పుస్తకాలనూ వరుస తప్పకుండా చదివాను (పశువుల రోగాల మీద ఉన్నదాన్ని కూడా వదల్లేదు, మా ఇంట్లో పశువులు లేవు). చదివింది కడుపులో దాచుకునే అలవాటు మాత్రం లేదు. నదులు, పాయలు, డెల్టాలు అని నేను మొదలుపెట్టగానే పక్క మగ్గాలవాళ్లు పేక నూలు అటూ ఇటూ తీసే నాడెను కొంచెం గట్టిగా ఆడించేవారు, నా మాట వినపడకుండా.

మా మేనమామకు ఈ చదువు గిట్టేది కాదు. ఆయన బిడ్డను నాకు చేసుకోవాలని మా అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం) కోరిక. నా కోరిక అంతకంటే పెద్దది, కాని దాన్ని ఎవరూ అడగలేదు. మామ ఔననలేదు, కాదనలేదు. "పిలగాడు మంచోడే అక్కా. కని వానికి తెలివంత పుస్తకంలనే ఉన్నది, చేతులల్ల లేదు. గసొంటోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?" అన్నాడట.

అటువంటప్పుడు అత్తకు భద్రాచలం మొక్కు, దాని వెనకే సముద్రం దగ్గరి నరసింహస్వామి మొక్కు కలిసివచ్చాయి. మూటలు మోయడానికి ఒక మనిషి కావాలి కనుక నన్ను రమ్మన్నారు. మామ, అత్త, వాళ్ల బిడ్డ, నేను. భద్రాచలంలో దర్శనం చేసుకుని, లాంచీలో రాజమండ్రి దిగి, నర్సాపురం చేరి, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే ఇంకో లాంచీ ఎక్కాం. వాళ్లకది తీర్థయాత్ర. నాకు మాత్రం పరీక్ష.

నేను చదివిన పుస్తకంలో డెల్టా అంటే మూడు గీతల బొమ్మ. ఇక్కడ చూస్తే రెండు ఒడ్డుల వెంటా కొబ్బరిచెట్లు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి, వాటి వెనక కనుచూపు మేర పచ్చని వరి, గుట్టన్నది ఎక్కడా లేదు. తెరచాప పడవలు కొబ్బరికాయల కుప్పలు మోసుకుని మాకు ఎదురొస్తున్నాయి. నోరెళ్లబెట్టి చూడాల్సింది పోయి నేను ఉపన్యాసం అందుకున్నాను. ఈ నేలంతా గోదావరి తెచ్చి పోసిన మన్నేనని, మన మానేరు గోదావరిలో కలుస్తుంది కనుక ఇందులో సిరిసిల్ల మన్ను కూడా ఉందని, లాంచీలో అందరికీ వినపడేటట్టు చెప్పాను. మామ ఆ పొలాలను చాలాసేపు చూసి, "అయితే మన మన్ను మీద వీళ్లు పండించుకుంటుండ్రన్నట్టు" అన్నాడు. అక్కడి ప్రయాణికులు కొందరు కండువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైన కొత్తలవి. మా మాట వాళ్లకు, వాళ్ల మాట మాకు వింతగా ఉండేది.

మధ్యాహ్నం అన్నాలకని ఒక ఇసుక తిన్నె దగ్గర లాంచీ ఆపారు. అప్పుడు బయటపడింది, లాంచీలో ఉన్న తాగునీళ్ల కుండ ఎవరి కాలో తగిలి పగిలిందని. లాంచీ నడిపే సరంగు పెద్దాయన, ఏటి నీళ్లు తాగొద్దు, గంటలో ఊరొస్తుంది, అక్కడ మంచినీళ్లు దొరుకుతాయని చెప్పాడు. మాఘమాసపు ఎండ. మామ తిన్నవి పచ్చడి మెతుకులు. ఆయన గొంతు సవరించుకోవడం చూసి నాలో వీరుడు లేచాడు.

మా వైపు ఎండాకాలం మానేరు ఒట్టి ఇసుక. ఆ ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే తేటగా నీళ్లు ఊరుతాయి. దాన్నే చెలిమె అంటాం. మా ఇళ్లల్లో తాగేది ఆ నీళ్లే. పంచె ఎగగట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా తవ్వాను. లాంచీ జనమంతా చుట్టూ చేరారు. సరంగు ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఇసుక నీటినెలా వడగడుతుందో చెబుతూనే తవ్వాను. నీళ్లు ఊరాయి. అద్దంలా ఉన్నాయి. చెంబు నింపి, మామ బిడ్డ చూస్తున్నదో లేదో చూసుకుని, మామకు అందించాను.

మామ ఒక గుటక వేసి ఆగాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని చెంబు సగం చేశాడు. "తియ్యగున్నయ్ రా అల్లుడా" అన్నాడు అందరికీ వినపడేటట్టు. ఉబ్బిపోయి నేనూ ఒక పెద్ద గుటక తీసుకున్నాను. సముద్రమే నోట్లోకి వచ్చింది. బుగ్గలు నిండా ఉప్పునీళ్లతో మామ వైపు చూశాను. "మింగు" అన్నాడు, పెదవి కదపకుండా. మింగాను. ఆ పిల్ల నా చేతిలోంచి చెంబు తీసుకుని మిగిలినవి తాగి, "సల్లగున్నయ్ బాపు" అంది. (ఆమె అబద్ధమాడలేదు. చల్లగానే ఉన్నాయి.) అత్త మా ముగ్గురి మొహాలు చూసి తనకు దప్పిక లేదంది.

సరంగు వంగి చెలిమెలోంచి పుడిసెడు తీసుకుని రుచి చూశాడు. ముఖం ఏమాత్రం మారలేదు. "బాగున్నాయండి. ఇన్నేళ్లుగా ఇక్కడే ఆపుతున్నానండి, నాకే తెలీలేదు" అన్నాడు. అని, మనవల కోసం బల్ల కింద దాచుకున్న కొబ్బరిబొండాలు నాలుగు తీసి కొట్టిచ్చాడు. అవి తాగడం మాకదే మొదలు. ఎటు నుంచి తాగాలో తెలియక నేను చొక్కా తడుపుకున్నాను. పుస్తకంలో ఆ సంగతి లేదు.

మొక్కు తీరింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మామ నన్ను లాంచీ వెనక్కి పిలిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఉప్పు సంగతి నీ పుస్తకంల రాయలేదా?"

"రాసిండ్రు మామా. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్లు నదిలకు ఎక్కుతయని."

"మరి?"

"తవ్వేటప్పుడు యాదికి రాలే."

మామ నా చేతుల వైపు చూశాడు. "పుస్తకం యాదికి రాలేదంటే జర బాగుపడుతవన్నట్టే. తవ్విన చేతులు మనయే ఉన్నయ్" అన్నాడు. తర్వాత చుట్ట వెలిగించి, ఏదో మర్చిపోయిన పని గుర్తొచ్చినవాడిలా, "ఫాల్గుణంల లగ్గం పెట్టుకుందాం. మీ అవ్వకు నేనే చెప్త" అన్నాడు.

పెళ్లిలో మామ బంధువులందరికీ చెప్పింది ఒకటే, తన అల్లుడు సముద్రం అంచున మంచినీళ్లు తీసిండని. ఏటేటా ఆ గుంట పెద్దదవుతూ వచ్చింది. మా పెద్దపిల్ల పుట్టేనాటికి లాంచీ జనమంతా తాగారు, ఆమె బడికి పోయేనాటికి బిందెలు నింపుకున్నారు కూడా. నేను తల వంచుకుని వినేవాణ్ణి. నా భార్య లోపలి గదిలోకి వెళ్లి నవ్వు ఆపుకుని వచ్చేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడా కథ చెప్పేవాళ్లు లేక నేనే చెబుతున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, జనానికి పాఠం చెబుతూ ఇసుక తోడుతున్న ఆ పిల్లగాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా వాడి చెయ్యి పట్టుకుని ఆపాలని మాత్రం ఎన్నడూ అనిపించదు. ఉప్పు సంగతి ఇంటి బయట చెప్పడం ఇదే మొదలు. మామ ఉంటే ఒప్పుకునేవాడు కాదు.