విమానాల బీడులో పొత్తు మంద

మా మేనమామను నాలుగు గొర్రెల కోసం నరికారు. అవి కంచె సందులో దూరి లోపలికి పోతే, తోలుకు రావడానికి ఆయన వెనకే దూరాడు. మధ్యాహ్నం అన్నం తీసుకుపోయిన మా అమ్మకు సగం కంచె లోపల, సగం బయట పడి కనిపించాడు. మెడ మీద వేటకొడవలి దెబ్బ. గొర్రెలు పక్కనే మేస్తున్నాయి.

ఆ కంచె విమానాల కోసం వేసింది. మైలవరం రోడ్డుకు ఎడంగా, మా ఊరికీ ఎదురూరికీ నడుమ పెద్ద బీడు ఉండేది. రెండూళ్ళ కాపర్లూ తాతలనాటి నుంచి అందులోనే మేపుకొనేవాళ్ళు. ఒక వేసవిలో లారీలొచ్చి, యంత్రాలొచ్చి, బీడు నడుమ తారు పట్టీ పరిచి చుట్టూ ముళ్ళకంచె లాగాయి. కంచెకు కాపలావాళ్ళను పెట్టారు. ఎలక్షన్లప్పుడు చిన్న విమానాలు దిగేవి, తెల్లచొక్కాల వాళ్ళు దిగి కార్లెక్కి పోయేవాళ్ళు. అంత ఆస్తికి ఒక బోర్డు లేదు. మా జిల్లాలో సోడా బండికి కూడా బోర్డుంటుంది.

ఎవరిదని అడిగితే మా ఊళ్ళో ఒక మాట, ఎదురూళ్ళో ఒక మాట. మా ఊరికొక నాయకుడుండేవాడు, పెద్దాయన అనేవాళ్ళం. ఎదురూరిది ఇంకో పార్టీ, ఇంకో నాయకుడు. బీడు మింగింది ఎదురూరాయనే అని మా పెద్దాయన చెప్పేవాడు. ఎదురూరాయన తన మనుషులకు మా పెద్దాయన పేరు చెప్పేవాడు. నేనప్పుడు ప్రొద్దుటూరులో టీచరుగా చేరాను. చదువుకున్నదాన్ని కదా అని భూముల ఆఫీసుకు పోయి అడిగితే ఏదో కంపెనీదన్నారు. ఆ కంపెనీ ఎవరిదని అడిగాను.

"తెలుసుకొని ఏం జేస్తావు మేడమ్, నీకేమన్నా విమానముందా?" అన్నాడు గుమాస్తా. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఒళ్ళు మండుతూనే బస్సెక్కాను.

మామ శవం దగ్గరికి పెద్దాయన రెండు జీపుల మనుషులతో వచ్చాడు. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇది ఎదురూరోళ్ళ పనే తల్లీ. నీ తమ్మునికి బదులు తీరుస్తా" అన్నాడు. తీర్చింది ఆయన కాదు, నా తమ్ముడు. ఇంకో నలుగురితో కలిసి జమ్మలమడుగు పోయే బస్సును ఆపి, సీటు కింద దాక్కున్న మనిషిని కాళ్ళు పట్టి ఈడ్చి, రోడ్డు మీద అందరూ చూస్తుండగా నరికారు. ఆ మనిషిదీ ఎదురూరే, ఆయనా గొర్రెల కాపరే. మామ చావుకూ ఆయనకూ సంబంధం ఉందో లేదో ఎవరూ కనుక్కోలేదు. ఆ పూట తమ్ముడు ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. ఇన్నేళ్ళయినా వాడు ఆ ముద్ద కలపడం నేను మరిచిపోలేదు. నా చేతుల మీద పెరిగినవాడు వాడు.

కేసయింది, జైలయింది, బెయిలు మీద బయటికొచ్చాడు. అమ్మకు ఒకటే కోరిక, మిగిలిన ఆ ఒక్క మగపిల్లవాడు బతకాలి. "మందను పులివెందుల సంతలో అమ్మేచ్చా, నీ అక్క దగ్గరికి పోయి ఏదన్నా అంగట్లో చేరు నాయనా" అని రోజూ కాళ్ళావేళ్ళా పడేది. వాడు వినలేదు. మామ చచ్చిన నేల ఎవడి చేతిలో ఉందో వాణ్ణి లేపేసి గానీ రానన్నాడు. ఎదురూరాయన విమానం దిగేటప్పుడు బాంబులెయ్యాలని పెద్దాయన మనుషులు వాడికి పని కూడా అప్పజెప్పారు.

వానలు పడ్డాక, బడికి సెలవున్న ఒక రోజు, మందతో అమ్మా నేనూ కంచె వెంబడి పోతున్నాం. తమ్ముడు కర్ర పట్టుకొని వెనకొస్తున్నాడు. కంచె లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది. అందులో ఒక పెద్ద మంద మేస్తోంది. అమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఒరే అబ్బీ, ఆ చెవులు సూడు" అంది.

కాపరి కుటుంబాల్లో ఎవరి గొర్రెలకు వాళ్ళ చెవికోత ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే కోస్తారు, చచ్చేదాకా పోదు. మా పెద్దాయన గొర్రెలకు ఎడమ చెవి కొస చీలిక. ఎదురూరాయన గొర్రెలకు కుడి చెవి అంచున గాటు. ఆ మందలో రెండూ ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి మూతి పెట్టి మేస్తున్నాయి. రెండు ఇళ్ళ గొర్రెలు పొరపాటున కలిస్తే కాపరి వెంటనే విడదీస్తాడు, లేకపోతే తన్నులు తింటాడు. విడదీయకుండా ఒకే కాపరి కింద మేపుతున్నారంటే అది పొత్తు. మేతలోనూ పొత్తే, నేలలోనూ పొత్తే. మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తమ్ముడు పెద్దాయన మనిషని కాపలావాళ్ళు వాణ్ణి ఆపలేదు. లోపలికి పోయి, మేపుతున్న ముసలి జీతగాణ్ణి అడిగాడు. కంచె ఇవతల నుంచి మాకూ వినిపించింది.

"ఎవురివి తాతా ఇవి?"

"ఇద్దురివీ. కలిపే మేపమన్న్యారు. నేలే పొత్తయితే మందదేముందప్పా?"

"ఈ కాపలావోళ్ళకు జీతమెవురిస్తారు?"

"సగం ఆయప్ప, సగం ఈయప్ప."

కంచెలో దూరినవాణ్ణి ఆపడానికే ఆ జీతం. మామను నరికింది ఆ కాపలావాళ్ళే. ఆ కూలిలో సగం, ఆయన శవం దగ్గర అమ్మ నెత్తి మీద పెట్టిన చేతి నుంచే వచ్చింది. ఆబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయంటారు. మా దగ్గర ఆబోతులు పోట్లాడుకోనే లేదు, ఒకే గాటన పడుకొని నెమరేస్తున్నాయి. కాళ్ళు మాత్రం మావి విరిగాయి.

తమ్ముడు గడ్డిలో కూలబడ్డాడు. ఆ మనిషిని ఎందుకు సంపినానమ్మా, ఎందుకు సంపినానమ్మా అని అదే పనిగా అడిగాడు. తర్వాత వాడు లేచి, మొలలోని కత్తి తీసి, రెండు గొర్రెలను పట్టి ఒక ఎడమ చెవీ ఒక కుడి చెవీ కోశాడు. ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. తమ్ముడు చెవులను తువ్వాలలో మూటగట్టుకున్నాడు.

"యాడికిరా పోతాండావు?" అని అమ్మ అరిచింది.

"ఎదురూరికి. వాళ్ళకూ తెలియాల గదా."

"నువ్వు వాళ్ళ మనిషిని సంపినోడివిరా! నీ మాట ఇంటారా వాళ్ళు?"

"నా మాట నమ్మరు. చెవిని నమ్ముతారు, వాళ్ళూ కాపర్లే" అన్నాడు. కంచె దగ్గరికి వచ్చి, కత్తిని ఇవతల అమ్మ కాళ్ళ దగ్గర పడేశాడు. నేను కంచె సందులోంచి చొక్కా పట్టుకుంటే విదిలించుకొని, తారు పట్టీ మీదుగా నేరుగా నడిచిపోయాడు. అమ్మ కంచె వెంబడి కొంతదూరం పరుగెత్తి లోపలికి దూరబోయింది. కాపలావాళ్ళు ఆమెను కంచె దగ్గరే కర్రలు అడ్డంపెట్టి ఆపేశారు.

ఎదురూరి నీళ్ళ ట్యాంకు దగ్గర వాణ్ణి చంపారు. మూట పైకెత్తి ఏదో చెప్పబోయాడట. మూటంటే ఆ రోజుల్లో బాంబే. ముందు రాళ్ళేశారు, పడిపోయాక గొడ్డళ్ళతో వచ్చారు. ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో గుడ్డ తీసి చూపించినప్పుడు మొహాన్ని బట్టి కాదు, చిన్నప్పుడు పొయ్యి మీద పడి కాలిన మోచేతిని బట్టి గుర్తుపట్టాను.

పెద్దాయన ఈసారి నాలుగు జీపుల్లో వచ్చాడు, పెద్ద పూలదండ తెచ్చాడు. "ఒగనికి నలుగుర్ని లేపకపోతే నా మీసం తీసేచ్చా" అన్నాడు. మా కుర్రవాళ్ళు ఈలలేశారు. పొత్తు మంద సంగతి అమ్మ అక్కడ ఎత్తలేదు. ఆమె చేతిలో చెవులు లేవు మరి, ఉత్త ఏడుపును ఎవరు నమ్ముతారు?

తమ్ముడు పోయిన మూడో రోజు, చిన్నదినం నాడు, పట్టపగలు, ఎదురూరి నుంచి ఒక ముసలాయన ఒంటరిగా మా వీధిలోకి వచ్చాడు. నా తమ్ముడు బస్సులోంచి ఈడ్చి నరికిన మనిషికి తండ్రి. కుర్రవాళ్ళు బరిసెలు తీసుకొని ఉరికారు. అమ్మ వాళ్ళకంటే ముందు ఆయన పక్కకు పోయి నిలబడింది. ఆయన తువ్వాల విప్పాడు. రక్తం ఎండి గట్టిపడిన రెండు చెవులు.

"బాంబులనుకున్న్యారమ్మా మా పిల్లోళ్ళు" అన్నాడు. "సంపినాక ఇప్పి సూసినారు. నేను గుర్తుపట్టినా. పొత్తు మంద గదమ్మా?"

అమ్మ తలూపింది. ఆయన మా గడప ముందు కూర్చొని గట్టిగా ఏడ్చాడు. నా తమ్ముడి చావుకు ఏడ్చాడో, తన కొడుక్కి ఏడ్చాడో నేను అడగలేదు. కాసేపటికి అమ్మ ఆయన్ను లేపింది. ఇద్దరూ కలిసి పెద్దాయన ఇంటికి నడిచారు. బరిసెలు పట్టుకున్నవాళ్ళు ఏం చేయాలో తెలియక వెనకే నడిచారు. నేనూ పోయాను.

పెద్దాయన వసారాలో మనుషులతో కూర్చొని టీ తాగుతున్నాడు. అమ్మ తువ్వాలను ఆయన టీ గ్లాసు పక్కన పరిచింది.

"మందలో గొర్రె సచ్చిపోతే చెవి తెచ్చి సొంతగానికి సూపియ్యాలప్పా, కాపరోళ్ళ ధర్మం. లేకుంటే అమ్ముకొని తిన్న్యారంటారు. ఈ చీలిక చెవి నీది. ఈ గాటు చెవి నీ పొత్తుదారునిది. సూసుకో" అంది. తర్వాత గొంతు పగిలేలా అరిచింది. "మాయి మూడు సచ్చినాయి. నా తమ్ముడు, ఈయప్ప కొడుకు, నా కొడుకు. వాళ్ళ చెవులు కోసక రమ్మంటావా?"

ఆయన చెవుల వైపు చూడలేదు. అమ్మ వెనకనున్న కుర్రవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళూ గొర్రెల మధ్య పుట్టినవాళ్ళే, చూపంతా తువ్వాల మీదే పెట్టారు. ఒకడు బరిసెను గోడకు ఆనించి బయటికి పోయాడు. తర్వాత ఇంకొకడు పోయాడు.

లేపేస్తానన్న నలుగురిలో ఒక్కడూ చావలేదు. ఇద్దరు నాయకులూ తర్వాత పార్టీలు మారారు, ఒకే వేదిక మీద దండలేసుకున్నారు. బీడు చుట్టూ కంచె అట్లే ఉంది, విమానాలు అట్లే దిగుతున్నాయి. తన కొడుకు పేరు చెప్పి ఇంకో తల్లి కడుపు కాలలేదు, అది చాలని అమ్మ అంటుంది.

నాకు చాలదు.