లైబ్రరీ కంప్యూటర్ల నాట్ల పాట

నిన్న మా కాలేజ్ లైబ్రరీల నా ఇజ్జత్ మొత్తం పోయింది! గానీ పోయేముందు ఒక వింత చూసిన. జర చాయ్ తాగుకుంట వినుండ్రి.

నేను ఎం.ఏ. తెలుగుల చేరిన గద. ఇయ్యాల సెమినార్. టాపిక్ నాట్ల పాటలు. నిన్నటిదాక నా దగ్గర ఒక్క ముక్క లేదు. చెప్పకపోతే ఇంటర్నల్ మార్కులు పాయె! సార్‌ను ఫోన్ల అడిగితే, "లైబ్రరీ కంప్యూటర్ల లాగిన్ అయితే పాటల రికార్డింగులే ఉన్నయి, పోయి విను" అన్నడు. హయత్‌నగర్‌ల బస్సెక్కి, ఎల్బీనగర్ ట్రాఫిక్‌ల ఇరుక్కొని, దిల్‌సుఖ్‌నగర్‌ల దిగి ఉరికిన.

యూజర్ ఐడీ హాల్‌టికెట్ నంబర్. పాస్‌వర్డ్ పుట్టిన తారీకు. కొట్టిన. రాంగ్ అన్నది. మళ్ల కొట్టిన. మళ్ల రాంగే! పరేషానై లైబ్రరీ మేడంను పిలిచిన. ఆమెది గుంటూరు దిక్కు.

"ఏంటమ్మా, సొంత పుట్టినరోజు కూడా మర్చిపోయావా?"

"లేదు మేడం! దసరా తెల్లారి పుట్టిన. మా అమ్మనే చెప్పింది."

"అమ్మగారు చెప్పింది కాదు తల్లీ, సర్టిఫికెట్‌లో ఏముంది?"

అప్పుడు యాదికొచ్చింది! మా ఊరి బళ్లె సార్ క్లాస్ మొత్తాన్ని జూన్‌లనే పుట్టిచ్చిండు. జూన్ తారీకు కొట్టిన, టక్కున తెరుసుకున్నది.

అబ్బ! ఏం చెప్పాలె! పుస్తకాలు, పాత పత్రికలు, పాటలు... కిందికి జరుపుతుంటే ఎంతకూ ఒడుస్తనే లేదు. గీ డబ్బాల గింత లోకం ఉన్నదా అని నోరు తెరిచిన. మా నల్లగొండ దిక్కు ఊర్ల పేర్లు గూడ ఉన్నయి! హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఒకటి నొక్కిన. సౌండ్ సన్నగ వస్తుందని వాల్యూమ్ మొత్తం పెంచిన.

ఒక ముసలవ్వ గొంతు. ఎనక బురద నీళ్లల్ల కాళ్ల చప్పుడు, ఏదో పిట్ట కూత. అవ్వ ఎత్తుకుంటే ఆడోళ్లంత ఒక్కసారే అందుకున్నరు. నా ఒళ్లు జల్లుమన్నది! మా కిరాయి ఇంట్ల బోళ్లు తోముకుంట అమ్మ సన్నగ తీసే రాగమే గది! ఒక్కతే పాడితే చిన్నగ అనిపించేది. పొలమంత కలిసి పాడితే ఇట్లుంటదా! కండ్లు మూసుకున్న.

తెరిచేసరికి లైబ్రరీ మొత్తం నా దిక్కే చూస్తుంది. మేడం ఎదురుంగ నిలబడి హెడ్‌ఫోన్స్ వైరు పట్టుకున్నది. దాని కొస పక్క కంప్యూటర్‌కు గుచ్చి ఉన్నది! నా కంప్యూటర్ స్పీకర్లకెళ్లి అవ్వ లైబ్రరీ అంతటితోని నాట్లేయిస్తుంది!

"సారీ మేడం! మొదటిసంది గిట్లనే వినపడ్డదా?"

"మొదటినుంచీనమ్మా."

"మరి ఎవరన్న చెప్పొద్దా?"

"ఎలా చెప్తాం? ఒక్కరూ పేజీ కూడా తిప్పలేదు. నేనూ స్టాంపు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆవిడ పాడినంతసేపూ మాకేం ఇబ్బంది లేదు."

మేడం వైరు నా చేతుల పెట్టింది.

"మధ్యలో నువ్వు కూడా గట్టిగా అందుకున్నావు చూడు... అప్పుడు లేచి రావాల్సొచ్చింది."