రాజేశ్వరక్క నేర్పిన ఉప్పునీటి పరీక్ష

కొన్నేళ్ల కిందట ఆ వర్క్‌షాప్ కబురు నాకు మొదట తెచ్చింది నా తోటి పరిశోధకురాలు భాగ్యం. ఇవాళ ఉదయం ల్యాబులో, ట్యూబులను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ వేగం అందుకుంటూ పాదాల కింద నేలను సన్నగా అదిరించగానే, ముందు భాగ్యానికి, ఆ వెంటనే అక్కడ నాకు పని నేర్పిన రాజేశ్వరక్కకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మన ఒంటి కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులను వెసికిల్స్ అంటారు. వాటిని వేరుచేయడం కొత్తవాళ్లకు దగ్గరుండి నేర్పే ఐదురోజుల శిక్షణ అది.

ఉబ్బసం వల్ల పదో తరగతి దాకా నేను బడి గడప తొక్కలేదు. చెన్నై తిరువొత్తియూరులో మా వంటగదిలోనే అమ్మ పాఠాలు చెప్పింది. తర్వాత కాలేజీలు, పట్టాలు వచ్చాయి గాని, నలుగురు చూస్తుంటే చెయ్యి వణకడం మాత్రం పోలేదు. మా గైడ్ గారు మంచివారే, అయినా తేల్చి చెప్పారు: "వర్క్‌షాప్ ముగిసేలోగా నీ చేత్తో వెసికిల్స్ తీసి చూపించమ్మా. లేకపోతే ఈ పరిశోధన అంశం ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది." దేవుడి మీద భారం వేసి వెళ్లాను.

రాజేశ్వరక్క అక్కడ టెక్నీషియన్. వ్యాసర్పాడిలో పుట్టి పెరిగిన మనిషి. ఉపన్యాసాలు పెద్దవాళ్లు ఇచ్చేవారు, ట్యూబు పట్టుకోవడం మాత్రం ఆవిడే నేర్పేది. మొదటి రోజు "మేడమ్" అని పిలిస్తే, "మేడమ్ ఏందిమ్మా, అక్కా అను చాలు" అంది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టకముందే ట్యూబు వెలుపలి వైపు పెన్నుతో చుక్క పెట్టించింది.

"తిప్పినాక నీకేం కనబడదు. ఏమీ లేదనుకోని సగంమంది పారబోసేస్తారు. సరుకంతా ఆడ, ఆ చుక్క దగ్గరే ఉంటాది. కనబళ్లేదని లేదనబాక, సరేనా?"

"కనబడనివాడిని నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే అక్కా" అన్నాను.

ఆవిడ నవ్వింది. "అట్టయితే సగం పని వచ్చేసినట్టే. కనబడినదాన్ని నమ్మకుండా ఉండటం మిగతా సగం."

ఆ మాట నాలుగో రోజుకు గాని నాకు అర్థం కాలేదు. రేణువులను లెక్కపెట్టే యంత్రంలో నా నమూనా పెట్టగానే తెరంతా మెరిసే చుక్కలు. అందరూ చప్పట్లు కొట్టారు. "ట్రీట్ ఎప్పుడండీ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. గైడ్ గారికి పంపడానికి ఫోటో కూడా తీసేశాను. అక్క ఒక్కతే చేతులు కట్టుకుని నిలబడింది.

"ఉత్త బఫర్ పెట్టి చూసినావా?"

బఫర్ అంటే మేం వెసికిల్స్‌ను కలిపే ఉప్పునీరు. చూడలేదు. నోరు మూసుకుని ఫోటో పంపేస్తే నా అంశం నాకు దక్కేది. కానీ వేలు కదల్లేదు. ఉత్త బఫర్ పెట్టాను. తెర మీద దాదాపు అవే చుక్కలు! వడకట్టకుండా వాడిన ఉప్పునీటిలోని మురికినే వెసికిల్స్ అనుకున్నానన్నమాట. నేను ఫోటో చెరిపేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవబాక. ఈడికొచ్చినోళ్లలో చానామంది ఉప్పునీళ్లకి చప్పట్లు కొట్టించుకున్నోళ్లే. నేనైతే స్వీట్లు కూడా పంచినా" అంది అక్క.

ఐదో రోజు, బఫర్ కలపకుండా మిగిలిన నమూనాతో మొదటి నుంచి మొదలుపెట్టాను. బఫర్ వడకట్టాను, చుక్క పెట్టాను, తిప్పాను. నా చెయ్యి వణుకుతూనే ఉంది. అక్క పక్కనే ఉన్నా ఒక్కసారి కూడా తన చెయ్యి అడ్డం పెట్టలేదు. ముందు ఉత్త బఫర్ చూశాం. తెర దాదాపు నల్లగా ఉంది. తర్వాత నా నమూనా. నిన్నటిలో పదోవంతు చుక్కలు కూడా లేవు, కానీ ఉన్నవన్నీ నిఖార్సైనవి.

"ఇప్పుడు కొట్టండబ్బా చప్పట్లు!" అని అందరికంటే ముందు అక్కే కొట్టింది.

రెండు ఫోటోలూ పంపాను. "అడక్కుండానే ఉత్త బఫర్‌ది కూడా పంపావే! ఇక ఈ అంశం నీదేనమ్మా" అన్నారు గైడ్ గారు. ఆ సాయంత్రం లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇల్లు చేరేదాకా దేవుడికి థాంక్స్ చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు అలాంటి శిక్షణల్లో ట్యూబు పట్టుకోవడం నేర్పేది నేనే. నాకు మంచి ఫలితం వచ్చిన రోజున సంతోషించడానికి ముందు ఒక్క క్షణం ఆగడం ఆవిడ పెట్టిన భిక్ష. ఎన్ని పరిశోధనలు ఆ చేతుల మీదుగా సాగినా, ఏ పత్రంలోనూ ఆవిడ పేరు అచ్చు కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరు ఆవిడను చూసి ఉండరు. అయినా వ్యాసర్పాడి రాజేశ్వరక్కను ఒక్కసారి తలుచుకోండి.